మోకాలిలో కాపలా

"పొయ్యి కట్టేశానా?"

తీగబండి ఇంకా స్టేషన్ దాటనేలేదు. తలుపు మూసుకుని, ఒక్క ఊపు ఊగి, కొండ దిగువకి కదలబోతున్న ఆ క్షణంలోనే పైడితల్లి పైకి అనేసింది.

"కట్టేశారు అమ్మగారూ," అని ఆమె చేతి గాజులోంచి ఇల్లు జవాబిచ్చింది. "మీరు కట్టకపోయినా గిన్నె దించగానే దానంతటదే ఆరిపోతుంది."

"తలుపో?"

"వేశారు. వేశాక రెండుసార్లు లాగి చూశారు కూడా."

పైడితల్లి కిటికీలోంచి కిందికి చూసింది. కింద కాఫీ తోటలు, ఆ కింద మబ్బు, ఆ మబ్బు కింద ఏముందో కనబడడం లేదు. కనబడకపోవడమే ఆమెకి నచ్చలేదు.

"మరి తీగ తెగితేనో?"

ఈసారి తీగబండే పలికింది. "నిన్న కూడా తెగలేదు పైడితల్లిగారూ. కూర్చోండి."

బండిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఎదురు సీటులో పదహారేళ్ళ కూతురు చంపక, ఈవిడెవరో తనకి తెలియనట్టు కొండల వైపు తిరిగిపోయింది. అలా తిరగడానికి కూడా ఆ పిల్ల కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకి పెట్టుకోవలసి వచ్చింది. మోకాలు బత్తాయి పండంత ఉంది.

సముద్రం ముందుకి జరిగాక తీరం ఊళ్ళన్నీ కొంచెం కొంచెంగా తూర్పు కనుమల మీదికి ఎక్కాయి. అలా ఎక్కిన ఊళ్ళలో మబ్బుకొండ ఒకటి. రోడ్లు వెయ్యడానికి చోటు లేక తీగలు కట్టి, వాటి మీద బళ్ళు నడుపుకున్నారు. ఇళ్ళు మాట్లాడతాయి, బళ్ళు మాట్లాడతాయి, వర్షం కూడా ఫలానా వేళకి వస్తున్నానని ముందుగా చెప్పి మరీ వస్తుంది. ఇంత చేసుకున్నారు గానీ, పార్కులకి అందంగా ఉంటాయని ఎక్కడి నుంచో తెచ్చిన జింకల ఒంటిమీద ఏం వచ్చిందో చూసుకోలేదు. పిడుదులు వచ్చాయి. గొర్రెల్నీ మేకల్నీ పట్టుకుని నెత్తురు తాగే ఆ చిన్న పురుగులే. వాటి కడుపులోని క్రిమితో లైమ్ వ్యాధి వచ్చింది. మబ్బుకొండలో దాన్ని పిడుదు జ్వరం అంటారు.

చంపక ఖోఖో ఆడుతుంది. మబ్బుకొండ జట్టులో ఆమెను మించి పరుగెత్తేవాళ్ళు లేరు. తడి గడ్డిలో ప్రాక్టీసు చేసి వచ్చిన ప్రతిసారీ పైడితల్లి కూతుర్ని దీపం కింద నిలబెట్టి వేలి సందులు, చెవి వెనక, జడ పాయలు అన్నీ వెతికేది. పైడితల్లి వెతకని చోటు ఆ పిల్ల ఒంటిమీద ఉందంటే ఎవరూ నమ్మరు. పిడుదుకి మాత్రం దొరికింది.

జ్వరం వచ్చి పోయింది. మందులు వాడారు. కొన్నాళ్ళకి మోకాలు వాచింది. మళ్ళీ మందులు వాడారు. ఒంట్లో బతికున్న క్రిమి ఒక్కటి కూడా లేదని పరీక్షలు తేల్చాయి. వాపు మాత్రం కదల్లేదు.

"లేకపోతే మరెందుకు వాస్తుంది? ఎక్కడో దాక్కునుంటాది," అంది పైడితల్లి.

అందుకే ఈ రోజు కొండ దిగువన కొత్తగా తెరిచిన కీళ్ళ కేంద్రానికి వెళ్తున్నారు.

అక్కడి డాక్టర్ ఎస్తేరు వయసులో చిన్నది. నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ నవ్వు చూసి పైడితల్లికి ఇంకా భయం వేసింది. మరీ చెడ్డ కబురు చెప్పేముందే డాక్టర్లు అలా నవ్వుతారని ఆమె లెక్క.

"క్రిమి చచ్చిపోయింది పైడితల్లిగారూ. అందులో అనుమానం లేదు," అంది ఎస్తేరు. గోడమీద మరమేకులా మెలికలు తిరిగిన బాక్టీరియా బొమ్మ వెలిగింది. "దీని పేరు బొరేలియా. దీని చుట్టూ ఒక గోడ ఉంటుంది, పెప్టిడోగ్లైకాన్ గోడ. మేం గోడపెంకు అంటాం. మిగతా బాక్టీరియాలు ఊడిన పెంకుల్ని మళ్ళీ వాడుకుంటాయి. దీనికి ఆ పొదుపు తెలీదు. పెంకులు రాల్చుకుంటూ పోతుంది. క్రిమి చచ్చినా అవి మోకాలి కీలులోనే మిగిలిపోయాయి."

"పెంకులుంటే ఏం? గుచ్చుకుంటాయా?"

"వాటికి ఒక ప్రొటీన్ అంటుకునుంటుంది. పిలుపు ప్రొటీన్. న్యూట్రోఫిల్స్ అని మన నెత్తురులో కాపలాకణాలు ఉంటాయి కదా, వాటిని రమ్మని పిలుస్తుంది. అవి పరుగున వస్తాయి. శత్రువు కనబడడు. అయినా ఉన్న ఆయుధాలన్నీ కుమ్మరించేస్తాయి. మధ్యలో పాడయ్యేది మోకాలి మెత్తటెముక."

చంపక ముందుకి వంగింది. "అంటే, ఔటైనవాళ్ళు గ్రౌండు వదిలి వెళ్ళిపోయినా ఎవరో ఇంకా వీపు తట్టి ఖో, ఖో అంటూనే ఉన్నారన్నమాట."

"సరిగ్గా అదే!"

"మరి తరిమేవాళ్ళు ఏం చేస్తున్నారు డాక్టర్?"

"ఎవరూ దొరక్క గ్రౌండు తవ్వేస్తున్నారు."

ఎస్తేరు బల్లమీదికి ఒక పట్టీ తెచ్చింది. మోకాలికి చుట్టుకునే మామూలు పట్టీలాగే ఉంది. లోపలి వైపు మాత్రం వెంట్రుకకన్నా సన్నటి దారాలున్నాయి. దాని పేరు కీలువాణి. మన ఒంట్లోని కణాలు ఒకదానితో ఒకటి రసాయనాలతో మాట్లాడుకుంటాయి. ఆ దారాలు కీళ్ళ సందుల్లో ఉండే జిగట ద్రవంలోకి దిగి, ఆ రసాయనాల్ని విని తెలుగులోకి మారుస్తాయి. మనం తెలుగులో ఏమైనా చెబితే దాన్ని మళ్ళీ రసాయనంగా చేసి లోపలికి పంపుతాయి.

"ఎవరు పడితే వాళ్ళు నా పిల్ల ఒంటికి ఏది పడితే అది చెప్పేస్తేనో?" అంది పైడితల్లి వెంటనే.

"అందుకే తాళం ఉంది. మైనర్ల విషయంలో పెద్దవాళ్ళలో ఒక్కరి గొంతే కీలువాణి వింటుంది. మీదా, వాళ్ళ నాన్నగారిదా?"

"నాదే. ఆయన దేనికైనా సరే అంటాడు."

పట్టీ చుట్టారు. కాసేపు గరగరమని, తర్వాత చంపక మోకాలు మాట్లాడింది.

"రండి రండి రండి రండి." బస్సు కండక్టరు అలవాటుకొద్దీ అరిచినట్టు ఒకటే గొంతు. అవి పెంకులు. వెంటనే కాపలాకణాలు అందుకున్నాయి.

"వచ్చాం! వచ్చాం! ఏడీ?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాడు."

"కనబడ్డం లేదే."

"దాక్కున్నాడు. కనబడకపోతేనే భయపడాలి."

"చూద్దాం లే తర్వాత. ముందు కొట్టు!"

చంపక పకపకా నవ్వింది. పైడితల్లి నవ్వలేదు. "అవన్నదాంట్లో తప్పేటుంది?" అంది మెల్లిగా. "కనబడకపోతేనే కదా భయం."

ఎస్తేరు ఆ పిల్ల మోకాలిలోకి ఊడ్పుపూసలు ఎక్కించింది. కంటికి కనబడని పూసలవి. గోడపెంకులకి అతుక్కుని, వాటిని లాక్కుపోయి ఒంట్లోంచి బయటికి పంపించేస్తాయి. గంట తిరక్కుండా ఆ కండక్టరు గొంతు ఆగిపోయింది. కాపలాకణాల గోల మాత్రం తగ్గలేదు. పెంకులు పిలవడం మానేస్తే ఇప్పుడవి ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి.

"ఇక ఎవరో ఒకరు వాళ్ళని సాగనంపాలి," అంది ఎస్తేరు. "అది మీ గొంతుతో జరగాలి."

"ఏటని చెప్పాలి డాక్టరమ్మా?"

"ఇంటికొచ్చినవాళ్ళని ఎలా సాగనంపుతారో అలాగే."

పైడితల్లి చీర కొంగు సర్దుకుంది. కూతురి మోకాలి ముందు వంగి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది. "చాలా శ్రమపడ్డారు నాయనా. నా పిల్లని కాపాడారు. మీ మేలు మర్చిపోం. ఇక వెళ్ళిరండి."

కీలువాణి సద్దు మణిగింది. పట్టీ తియ్యకుండానే ఎస్తేరు వాళ్ళని ఇంటికి పంపింది.

వాపు తగ్గింది. చంపక గ్రౌండులో గీత మీద మోకాళ్ళు మడిచి కూర్చుంది, లేచింది, పరుగెత్తింది. జట్టంతా కేకలు వేసింది. "ఇంత తొందరగా తగ్గిందంటే నాకేదో అనుమానంగా ఉంది," అంది పైడితల్లి. అన్నట్టే వారం పోయాక మోకాలు మళ్ళీ వాచింది.

మళ్ళీ తీగబండి, మళ్ళీ పొయ్యి, మళ్ళీ తలుపు. పైడితల్లి ఈసారి ఇంకా మర్యాదగా చెప్పింది. "మీరంతా క్షేమంగా వెళ్ళిరండి," అని రెండు చేతులూ జోడించింది. తాంబూలం పెట్టలేదు కాబట్టి సరిపోయింది అని చంపక వెక్కిరించింది. వాపు తగ్గింది. వారం పోయాక వచ్చేసింది.

మూడోసారి వచ్చేసరికి చంపక వెక్కిరించడం మానేసింది. సముద్రపుగోడ ఊరి జట్టుతో ఫైనల్ దగ్గరకొచ్చింది. కోచ్ మంచివాడే, కానీ ఆయన కూడా ఎంతకని చూస్తాడు? ఆదివారానికి మోకాలు మడవలేకపోతే ఆమె చోట్లో ఇంకొకర్ని కూర్చోబెడతానన్నాడు. అది ఒక దిగులు. రెండోది ఎస్తేరు చెప్పింది. ఈసారి నవ్వకుండా చెప్పింది.

"వాపు వచ్చిన ప్రతిసారీ మెత్తటెముక పలచబడుతోంది. ఇంకోసారి ఇలాగే అయితే ఆ పొర తీసేసి కొత్తది వెయ్యాలి. అది వేస్తే నడవొచ్చు. ఖోఖో మాత్రం ఆడడం కుదరదు."

"నేను ముందే అన్నాను," అంది పైడితల్లి. అన్నమాట నిజమైనందుకు ఆమె మొహంలో ఏ సంతోషమూ లేదు. "ఎక్కడో ఒక క్రిమి దాక్కునుంది. ఎవరూ నా మాట వినరు."

ఎస్తేరు ఆ పిల్ల మోకాలి ద్రవం తీసి మళ్ళీ పరీక్ష చేసింది. క్రిమి లేదు. పెంకు లేదు. పిలుపు ప్రొటీన్ జాడే లేదు. పిలిచేవాడే లేనప్పుడు కాపలావాళ్ళు ఎందుకొస్తున్నారు? ఆమెకి అంతుపట్టలేదు. చివరికి కీలువాణి దాచుకున్న మాటల్లోంచి, వాపు తిరిగొచ్చిన రోజువి బయటికి తీసి వినిపించింది.

"వచ్చేశాం!"

"ఎవరు పిలిచారు?"

"ఎవరో ఎందుకు పిలుస్తారు? అమ్మగారే చెప్పారుగా, వెళ్ళి రండి అని. వెళ్ళాం. వచ్చాం."

"మళ్ళీ మళ్ళీ చెబుతోంది పాపం. ఎంత పని ఉందో ఏమో. కొట్టు!"

ముందు చంపక భుజాలు కదిలాయి. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఆగలేక పరీక్ష బల్లమీద అడ్డంగా పడి నవ్వింది. "అమ్మా! నువ్వే! నువ్వే రమ్మన్నావు!"

ఎస్తేరు నుదురు కొట్టుకుంది. ఆమె పక్కనే నిలబడి ఆ మాట రెండుసార్లు విన్నది. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట. అందులో ఒక "రండి" ఉందన్న సంగతి ఆమెకి తట్టనేలేదు. తెలుగు చెవికి అది వినబడదు. కీలువాణికి చదువుంది గానీ మర్యాద తెలియదు. అది ఉన్నమాట ఉన్నట్టు మోసింది.

"దొరికిపోయింది!" అంది ఎస్తేరు, మళ్ళీ నవ్వు మొహంతో. "తేలిక పని. ఈసారి పొండి అనండి."

పైడితల్లి వెనక్కి జరిగింది. "ఆ మాట నేననను."

"ఒక్క మాటేనండీ."

"ఓలమ్మో, పిల్ల ఒంటిమీద చెయ్యేసి పో అంటారేటి డాక్టరమ్మా ఎవరైనా? పోయాడంటే ఏటర్థం? నేను వాకిట్లోకొచ్చిన కాకిని కూడా అలా అనను."

అనదని చంపకకి తెలుసు. పాలు దించిపోయే ఎగిరేబండికి కూడా వెళ్ళిరా అనే చెబుతుంది. "సరే, ఇంకోలా చెప్పి చూడమ్మా," అంది. పైడితల్లి కూతురి కోసం ఒక్కొక్కటే చెప్పి చూసింది.

"ఆట అయిపోయింది నాయనా."

"తర్వాతి ఆట ఎప్పుడు?" అన్నాయి కాపలాకణాలు హుషారుగా.

"కాస్త విశ్రాంతి తీసుకోండి."

"ఇక్కడే తీసుకుంటాం. మాకేం ఇబ్బంది లేదు."

"మీ ఇంట్లోవాళ్ళు ఎదురు చూస్తుంటారు."

"వాళ్ళనీ పిలిపించాం. దారిలో ఉన్నారు."

చంపకకి మళ్ళీ నవ్వొచ్చింది గానీ సగంలో ఆగిపోయింది. మోకాలు పట్టీకింద వేడెక్కుతోంది. ఆ పిల్ల పళ్ళు బిగించడం తల్లి చూసింది.

"పొమ్మంటే నిజంగా పోతాయి," అంది పైడితల్లి, ఎవరితోనో తెలియకుండా. "రేపు ఇంకో పిడుదు కరిస్తే? అప్పుడెవరొస్తారు?"

"నిజంగా పిలుపొస్తే ఎముక మజ్జలోంచి కొత్తవాళ్ళు వస్తారు," అంది ఎస్తేరు. "అవి రోజూ పుడుతూనే ఉంటాయి. వీళ్ళే ఉండాలని లేదు."

"కొత్తవాళ్ళకి ఏం తెలుస్తాది?"

చంపక తల్లి చెయ్యి పట్టుకుని తెచ్చి మోకాలిమీద పెట్టింది. "కాలిపోతోంది చూడు. నన్ను కాపాడ్డానికి వచ్చినవాళ్ళే నా మోకాలు తినేస్తున్నారమ్మా. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఆగడం తెలీదు, అంతే. చెప్పమ్మా."

పైడితల్లి కళ్ళు మూసుకుంది. మనసులో ఎవరికో దండం పెట్టుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. మూడోసారి, పక్కనున్నవాళ్ళకి కూడా సరిగా వినబడనంత చిన్నగా అంది.

"ఇక్కడ ఎవరూ లేరు నాయనా. పొండి."

కీలువాణికి వినబడింది. లోపలి గోల ఒక్కసారిగా ఆగింది. ఎస్తేరు చెయ్యెత్తి, ఎవరూ కదలొద్దన్నట్టు సైగ చేసింది. మోకాలిలోంచి ఒక గొంతు వచ్చింది. ఇందాకటి గోల గొంతు కాదు. కాస్త అలిసిపోయిన గొంతు.

"పోతాం. నువ్వు రావా?"

పైడితల్లి కళ్ళు తెరిచింది. "ఎవర్ని అడుగుతున్నారు?"

ఎస్తేరు తెర దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కీలువాణి, మోకాలిలో ఎవరెవరు మాట్లాడుతున్నారో పేర్లు పెట్టి చూపిస్తుంది. వరసగా కాపలాకణం, కాపలాకణం, కాపలాకణం. అన్నిటికన్నా పైన ఇంకొకటి ఉంది. పెద్ద కాపలాకణం. ఆ పేరు పక్కన వెలుగుతున్నది పైడితల్లి గొంతు.

"అయ్యో," అంది ఎస్తేరు. "పట్టీ ఇంటి దగ్గర కూడా ఉంది కదా. తాళం మీ గొంతుదే. మీరు ఇంట్లో పైకి అన్నవన్నీ లోపలికి వెళ్ళాయి. వాచిందా, ఎవరైనా ఉన్నారా, జాగ్రత్త, ఏమవుతుందో... ఇవన్నీ వాళ్ళు మాట్లాడుకునే మాటలే. అందుకని యంత్రం మిమ్మల్ని కూడా వాళ్ళలో ఒకరిగా లెక్కేసింది." చంపక తల్లి వైపు చూసింది. ఈసారి నవ్వలేదు.

"మా అందరికన్నా ముందొచ్చింది నువ్వే," అంది ఆ గొంతు. "ఇక్కడ ఎవరూ లేరని నువ్వంటే మేం నమ్ముతాం. కానీ నువ్వింకా ఇక్కడే ఉన్నావుగా. పెద్దదానివి నువ్వుండగా మేమెలా పోతాం?"

ఎస్తేరు చిన్నగా అంది. "మీరు జవాబు చెప్పేదాకా అవి కదలవు పైడితల్లిగారూ."

పైడితల్లి కుర్చీలో కూలబడింది. చెయ్యి ఇంకా కూతురి మోకాలిమీదే ఉంది. ఆ చెయ్యి అక్కడ ఎప్పటి నుంచి ఉందని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. ఆ పిల్ల నడక నేర్చుకుంటూ మొదటిసారి పడ్డప్పటి నుంచేనేమో. అప్పుడు పెట్టింది, మళ్ళీ తీసిన గుర్తు లేదు. బయట తీగబళ్ళు వచ్చిపోతున్న చప్పుడు వినబడుతోంది. ఒక్క తీగా తెగడం లేదు. చంపక ఆమె మొహంలోకే చూస్తోంది. కీలువాణి తెరమీద పెద్ద కాపలాకణం ఒక్కటే వెలుగుతోంది. మోకాలిలోవాళ్ళు ఆమె జవాబు కోసం చూస్తున్నారు.

పైడితల్లి మోకాలిమీద నుంచి చెయ్యి తీసింది. తీసి, ఏం చెయ్యాలో తెలియక, తన ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు ముందు పదండి నాయనా," అంది. "నేను పొయ్యి కట్టేశానో లేదో చూసుకుని, తలుపేసి వస్తాను."